తుంటి మీద కొడితే పళ్ళు రాలినట్టు

ప్రతి ఏడూ మన బడి సంచికకి మేం ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాం. ఒక ఏడు బొమ్మల కొలువు గురించి, ఒక ఏడు పెరట్లో గోంగూర పెంచిన ముచ్చట, ఇంకో ఏడు పిల్లలతో చేసిన ఇండియా ప్రయాణం. ఈసారి సంపాదకులు అడిగినప్పుడు మా పెద్దబ్బాయే అన్నాడు, "నా ఎమ్మారై గురించి రాయండి" అని. మేం వెనకాడాం. ఇంట్లో జబ్బు సంగతి నలుగురికీ చెప్పుకోవడం మనకి అలవాటు లేదు కదా! "రాస్తే అంతా రాయండి. నన్ను తిట్టినవి కూడా" అన్నాడు నవ్వుతూ. వాడు చదివి సరే అన్నాకే ఇది మీ ముందుకి వస్తోంది.

మన బడికి చాలాకాలంగా వస్తున్నవాళ్ళకి వాడు గుర్తుండే ఉంటాడు. ఇక్కడే అక్షరాలు దిద్దాడు. హైస్కూల్లో ఉండగా శనివారాలు చిన్న తరగతి పిల్లల చేత గుణింతాలు దిద్దించేవాడు. 2019 దసరా రోజుల్లో, వాడికి పదహారేళ్ళప్పుడు, "నడుము నొప్పిగా ఉందమ్మా" అనడం మొదలుపెట్టాడు. టెన్నిస్ ఆడుతున్నాడు, పుస్తకాల సంచీ బరువు, కుర్చీలో సరిగ్గా కూర్చోడు... కారణాలకి కొదవా? వేడినీళ్ళ సంచీ పెట్టాం, నొప్పి తగ్గే మలాం రాశాం. ఓ నాలుగు రోజులు బాగానే ఉండేది, మళ్ళీ మొదలయ్యేది.

ఆ తర్వాత 2020 మార్చిలో అందరం ఇళ్ళల్లో చిక్కుకుపోయాం. చదువంతా కంప్యూటర్ ముందే. అప్పుడింక మాకు అనుమానమే లేకపోయింది. రోజంతా కదలకుండా కూర్చుంటే నడుం నొప్పి రాదా మరి! పొద్దున్న ఎనిమిదింటికి క్లాసుంటే ఏడూ యాభైకి కూడా మంచం దిగేవాడు కాదు. దిగాక గోడ పట్టుకుని, ముసలాయనలా వంగి నడిచేవాడు. ఓ గంట గడిస్తే మామూలే. ఆ గంటని మేం బద్ధకం అన్నాం. "మీ నాయనమ్మ డెబ్భై అయిదేళ్ళ వయసులో అయిదింటికి లేచి వాకిట్లో ముగ్గేస్తోంది, నీకేమొచ్చిందిరా?" అన్నాం. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రాత్రి మూడు, నాలుగు గంటల వేళ కింద గదిలో అడుగుల చప్పుడు వినబడేది. అటూ ఇటూ, అటూ ఇటూ. వీడియో గేములు ఆడుతున్నాడనుకున్నాం. పొద్దున్నే లేవలేకపోవడానికి కారణం దొరికిందని సంబరపడ్డాం. ఒక రాత్రి దిగి వెళ్ళి గట్టిగా కేకలేశాం. వాడు ఏమీ మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నాడు. ఆ తర్వాత నొప్పి గురించి మాకు చెప్పడం మానేశాడు. మేమేమో తగ్గిపోయిందనుకున్నాం.

2021 వేసవిలో, కాలేజీకి పంపే ముందు ఎందుకైనా మంచిదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్కడ నొప్పి అని ఆవిడ అడిగితే వాడు నోరు విప్పేలోపే మేం జవాబు చెప్పేశాం, "నడుము" అని, ఇంగ్లీషులో. మన భాషలో నడుము పెద్ద మాట. పక్కటెముకల కింది నుంచి కూర్చునే చోటు దాకా అంతా నడుమే. మేం చెప్పిన ఇంగ్లీషు మాటకి మాత్రం వెన్నెముక కింది భాగమని అర్థం. మందులు, వ్యాయామం ఫలితం ఇవ్వకపోతే ఇన్సూరెన్సువాళ్ళ అనుమతి తీసుకుని ఆ భాగానికే ఎమ్మారై తీయించారు. ఒక డిస్కు రవ్వంత ఉబ్బింది, అది చాలామందిలో మామూలే, ఇంకేమీ లేదు అని రిపోర్టు వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. ఇంటికొచ్చే దారిలో కారులో, "చూశావా, అంత ఖరీదైన మిషనే ఏమీ లేదంది" అని కూడా అన్నాం.

2022 జనవరిలో సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక కన్ను ఎర్రబడింది. కలకేమో అనుకున్నాం. పుసి లేదు, కానీ వెలుతురు చూడలేకపోతున్నాడు, కన్ను లోపల సలుపుతోందంటున్నాడు. కంటి డాక్టరు దీపం పెట్టి చూసి ఇది కలక కాదన్నాడు. నల్లగుడ్డులోని రంగు పొరకి వచ్చే వాపు, దాన్ని యువియైటిస్ అంటారట. వెంటనే చుక్కల మందు మొదలుపెట్టాలి, ఆలస్యం చేస్తే చూపుకే ముప్పని చెప్పాడు. మందు రాస్తూ రాస్తూ తలెత్తకుండానే అడిగాడు, "వెన్నునొప్పి ఏమైనా ఉందా? పొద్దున లేవగానే బిగుసుకుపోతుందా?"

మేం మొహాలు చూసుకున్నాం. కంటికీ నడుముకీ ఏమిటి సంబంధం? "ఉండేదండీ, ఎమ్మారై తీయించాం, ఏమీ లేదన్నారు" అన్నాం. ఆయన మాత్రం, "అయినా సరే, ఒకసారి రుమటాలజిస్టుకి చూపించండి" అని కాయితం రాసిచ్చాడు.

ఆ సాయంత్రం తెనాలి నుంచి నాయనమ్మ ఫోను చేసింది. కన్ను సంగతీ, డాక్టరు అడిగిన ప్రశ్నా చెప్పాం. "నొప్పి ఎక్కడరా నాన్నా? నోటితో చెప్పొద్దు, చెయ్యి పెట్టి చూపించు" అంది. వాడు ఫోను బల్లమీద ఆనించి వెనక్కి తిరిగి, పిర్రల పైన, లోపలి వైపుకి బొటనవేళ్ళు ఆనించి చూపించాడు. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వస్తుందన్నాడు. "అది నడుమెక్కడరా, తుంటి!" అంది ఆవిడ. "తుంటి మీద కొడితే పళ్ళు రాలాయని సామెత. నీకు కన్ను ఎర్రబడిందన్నమాట" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది, "పడుకుంటే హాయిగా ఉంటుందా, తిరిగితే హాయిగా ఉంటుందా?"

"తిరిగితేనే నాయనమ్మా. పడుకుంటే ఎక్కువవుతుంది. అందుకే రాత్రుళ్ళు లేచి నడుస్తాను."

మేం పక్కనే ఉన్నాం. ఆ మాట విన్నాక మాలో ఎవరికీ నోట మాట రాలేదు. రెండేళ్ళుగా మేం విన్న అడుగుల చప్పుడు అదన్నమాట!

రుమటాలజిస్టు నాయనమ్మ అడిగిన ప్రశ్నలే మరింత వివరంగా అడిగింది. మామూలు నడుంనొప్పి పని చేస్తే పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. వాపుతో వచ్చే నొప్పి దీనికి తలకిందులు. మెల్లగా మొదలై మూడు నెలలు దాటినా పోదు. విశ్రాంతితో పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. రాత్రి రెండో భాగంలో నిద్ర లేపుతుంది. పొద్దున్న అరగంటకి పైగా ఒళ్ళు కొయ్యబారినట్టుంటుంది. ఎక్కువగా 45 ఏళ్ళలోపే మొదలవుతుంది. ఈ కుటుంబంలోని జబ్బుల్లో అందరూ ఎరిగిన పేరు ఆంకైలోసింగ్ స్పాండిలైటిస్. అది చాలామందిలో మొదట కనబడే చోటు సాక్రోఇలియాక్ కీళ్ళు. వెన్నెముక అడుగున ముక్కోణంగా ఉండే ఎముక త్రికాస్థి. దానికి అటూ ఇటూ తుంటి ఎముకలు అతుక్కునే చోట ఒక్కొక్క కీలు ఉంటుంది. మోకాలులా అది మడవదు, ఏదో కాస్తంత కదులుతుంది. కానీ పైశరీరం బరువంతా కాళ్ళకి దిగేది దాని మీదుగానే.

"మరి ఎమ్మారైలో ఏమీ లేదన్నారు కదండీ?" అన్నాం. ఆవిడ ఆ పాత బొమ్మలు తెరిచి చూపించింది. వెన్నుపూసలన్నీ చక్కగా ఉన్నాయి, బొమ్మ త్రికాస్థి పైభాగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రెండు కీళ్ళూ అందులో సరిగ్గా పడనే లేదు! ఎవరి పొరపాటూ కాదు. నడుమన్నాం, నడుమే తీశారు.

బెండకాయని అడ్డంగా కోస్తే చక్రాలొస్తాయి, నిలువుగా కోస్తే గింజల వరస కనబడుతుంది. కాయ ఒకటే, కోత మారితే కనబడేది మారుతుంది. ఎమ్మారై కూడా శరీరాన్ని కత్తి లేకుండా పలచని ముక్కలుగా కోసి చూపే యంత్రమే. త్రికాస్థి నిటారుగా ఉండదు, వెనక్కి ఏటవాలుగా ఉంటుంది. కాబట్టి ఈ కీళ్ళని చూడాలంటే ఆ వాలు వెంబడే కోతలు పెట్టాలి. అందుకే "సాక్రోఇలియాక్ కీళ్ళకి ఎమ్మారై" అని విడిగా రాయాలి.

ముందు రక్తపరీక్ష చేశారు. హెచ్.ఎల్.ఏ. బి27 అనే గుర్తు ఉందని తేలింది. ఈ జబ్బుకీ ఆ గుర్తుకీ సంబంధం ఉందని 1973లో లండన్‌లోనూ, లాస్ ఏంజిలస్‌లోనూ వేరువేరుగా కనిపెట్టారు. ఆ గుర్తు ఉన్నవాళ్ళలో చాలామందికి జన్మంతా ఈ జబ్బు రాదు, గుర్తు లేనివాళ్ళకీ రావచ్చు. అందుచేత అదొక్కటీ చాలదు. ఎక్స్‌రే తీస్తే "అనుమానంగా ఉంది" అని వచ్చింది. 1984 నాటి న్యూయార్క్ కొలమానం ప్రకారం ఎక్స్‌రేలో కీలు స్పష్టంగా చెడితేనే ఈ జబ్బని ఖాయం చేసేవారు. ఎక్స్‌రేలో అలా కనబడడానికి ఏళ్ళు పడుతుంది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఎమ్మారైలో కనబడే వాపుని కూడా లెక్కలోకి తీసుకుంటూ కొత్త కొలమానం తెచ్చింది.

ఈ తేడా మాకు అర్థమైంది మన ఊళ్ళ గోడలతో. వానాకాలంలో గోడకి ముందు చెమ్మ పడుతుంది. తర్వాత సున్నం పొక్కుతుంది, పెచ్చులూడుతుంది, చివరికి బీట తీస్తుంది. ఎక్స్‌రే బీటని చూపిస్తుంది. ఎమ్మారై చెమ్మని చూపిస్తుంది.

ఎలా చూపిస్తుందో పిల్లల కోసం కాస్త చెప్తాం. మన ఒంట్లో నీరూ, కొవ్వూ ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ పరమాణువులుంటాయి. పెద్ద అయస్కాంతంలో పడుకోబెడితే వాటి కేంద్రకాల్లో కొన్ని వరస కడతాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలితే, తిరిగి సర్దుకుంటూ సన్నని సంకేతాలు పంపుతాయి. వాటినే కంప్యూటర్ బొమ్మలుగా కూరుస్తుంది. 1.5 టెస్లా అయస్కాంతమంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు! ఎక్స్‌రేలూ, సి.టి. స్కానుల్లా ఇందులో రేడియేషన్ ఉండదు. ఇలా బొమ్మలు తీయవచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించాడు. ఆయనకీ, ఇంగ్లండులో పనిచేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. 1977 జులై 3న రేమండ్ డమేడియన్ బృందం మనిషి ఛాతీకి తీసిన మొదటి స్కానుకి దాదాపు అయిదు గంటలు పట్టిందట. మావాడికి అరగంట పట్టింది.

2022 మార్చిలో స్కాన్ రోజు వాచీ, బెల్టు, కిందటి ప్రయాణంలో నాయనమ్మ కట్టిన రాగి తాయెత్తు, అన్నీ తీసి మా చేతిలో పెట్టి లోపలికెళ్ళాడు. తలుపు వేసినా టకటకమని మేకులు కొట్టినట్టు చప్పుడు బయటికి వినబడుతూనే ఉంది. రక్తనాళంలోకి మందు ఎక్కించలేదు, ఈ కీళ్ళ వాపు చూడడానికి సాధారణంగా అది అక్కర్లేదట. తాయెత్తు పట్టుకుని కూర్చున్న ఆ అరగంటలో మేం కోరుకున్నదేమిటో చెప్తే నవ్వుతారు. ఏదైనా కనబడాలని కోరుకున్నాం. మళ్ళీ "ఏమీ లేదు" అని వస్తే ఆ పిల్లాడి మాట ఎవరు నమ్ముతారు?

కనబడింది. డాక్టరు రెండు రకాల బొమ్మలు పక్కపక్కనే పెట్టింది. ఒకటి టి1. అందులో కొవ్వు తెల్లగా వెలుగుతుంది, ఎముక అంచులు బాగా తెలుస్తాయి. రెండోది స్టిర్. అందులో కొవ్వు వెలుగుని అణిచేస్తారు, నీరు మాత్రం తెల్లగా మిగులుతుంది. మామూలుగా ఎముక మూలుగ స్టిర్‌లో నల్లగా ఉండాలి. మావాడి బొమ్మలో రెండు కీళ్ళకీ ఆనుకుని, ఎముక లోపల తెల్లటి మబ్బులున్నాయి. అదే చెమ్మ. ఒక్క ముక్కలో కాదు, వరసగా నాలుగైదు ముక్కల్లో ఉంది. టి1లో ఒక కీలు అంచు అక్కడక్కడ పళ్ళు పళ్ళుగా, తపాలా బిళ్ళ అంచులా ఉంది. వాపు ఎముకని అప్పటికే కొంచెం కొరికిందన్నమాట.

"ఇది ఎంతకాలం నుంచి ఉండి ఉంటుంది?" అని అడిగాడు మావాడు. తెల్లది ఇప్పటి వాపు, ఆ అంచులు పాతవి అందావిడ. వాడు మావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది.

డాక్టరు ఇంకో మాట గట్టిగా చెప్పింది. తెల్ల మచ్చ కనబడిన ప్రతివాళ్ళకీ ఈ జబ్బున్నట్టు కాదు. బాగా పరుగెత్తేవాళ్ళలోనూ, ఆటగాళ్ళలోనూ, కాన్పు అయిన కొత్తల్లో తల్లులకీ ఈ కీళ్ళ దగ్గర చెమ్మ కనబడుతుంది. ఎదిగే పిల్లల ఎముకల్లో సహజంగానే కొంత తెలుపు ఉంటుంది. ఎమ్మారై మామూలుగా ఉన్నంతమాత్రాన జబ్బు లేదనీ చెప్పలేం. నొప్పి తీరు, కన్ను, రక్తపరీక్ష, బొమ్మ, అన్నీ కలిపి చదవాలి. బొమ్మ సాక్షి మాత్రమే, తీర్పు చెప్పేది డాక్టరు.

తర్వాత కథ త్వరగా చెప్తాం. ముందు వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం, ఈత. రెండు రకాల మాత్రలు మార్చినా చాలకపోతే ఆ ఏడు చివర్లో టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఈ జబ్బుకి ఆ తరహా మందులకి అమెరికాలో అనుమతి మొదలైంది 2003లో. ఇండియా రాకపోకలున్న మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ మందు లోపల నిద్రపోతున్న క్షయని లేపగలదు కాబట్టి ముందుగా టి.బి. పరీక్ష చేస్తారు. చిన్నప్పుడు బి.సి.జి. టీకా వేయించుకున్నవాళ్ళకి చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా ఉందని చూపించవచ్చు, అప్పుడు రక్తపరీక్ష అడగాలి.

2023 చివర్లో మళ్ళీ ఎమ్మారై తీశారు. తెల్ల మబ్బులు చాలావరకు విడిపోయాయి. తపాలా బిళ్ళ అంచులు మాత్రం అలాగే ఉన్నాయి. మేం ఆలస్యం చేసిన రెండేళ్ళ గుర్తు అందులో ఎంతో కొంత ఉందని మాకు తెలుసు. "ఈ జబ్బు బయటపడడానికి చాలామందికి సగటున ఆరేడేళ్ళు పడుతోందట నాన్నా, మనం నయమే" అని వాడే మమ్మల్ని ఓదార్చాడు. ఇప్పుడు పొద్దున్నే ఈతకి వెళ్తున్నాడు. రాత్రుళ్ళు నిద్రపోతున్నాడు.

తల్లిదండ్రులకి మా విన్నపం. మేం డాక్టర్లం కాదు, మీ పిల్లల నడుంనొప్పి చాలావరకు మామూలు నొప్పే అయి ఉంటుంది. కానీ నాయనమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ అడగండి. ఎక్కడో చెయ్యి పెట్టి చూపించమనండి. పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా అని అడగండి. డాక్టరు దగ్గర పిల్లాడిని తన మాటల్లో తనని చెప్పుకోనివ్వండి. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు భరించలేకపోతే ఆ రోజే కంటి డాక్టరుకి చూపించండి.

మన బడికి కూడా ఒక విన్నపం. శరీర భాగాల పాఠంలో మన పటం కన్ను, ముక్కు, చెవి, చెయ్యి, కాలు దగ్గర ఆగిపోతుంది. తుంటి, పిర్ర, పిక్క, మడమ, వెన్ను, డొక్క కూడా చేర్చండి. నొప్పి ఎలా ఉందో చెప్పే మాటలు మనకి ఎన్ని ఉన్నాయి! సలుపు, పోటు, మంట, లాగడం, తీపులు, తిమ్మిరి... అవి మన పిల్లలకి తెలిస్తే వాళ్ళ నాయనమ్మలకైనా సరిగ్గా చెప్పుకుంటారు.

ఇది చదివి మావాడు ఒకే ఒక్క మార్పు చెప్పాడు. "నాయనమ్మకి ఎమ్మారై కంటే ముందే తెలుసు అని రాయండి" అన్నాడు. రాశాం.